ఎద్దును చూసినట్టే... కారునూ చూడాలి!

అంగట్లో ఎద్దును కొనడానికి వెళ్లిన రైతు ముందుగా ధర అడగడు. దవడ పట్టుకుని పళ్లు చూస్తాడు. నుదుటి మీదా వీపు మీదా సుడులు వెతుకుతాడు. గిట్టలు ఎత్తి చూస్తాడు. నాలుగడుగులు నడిపించి, కుంటుతోందేమో గమనిస్తాడు. ఇంకా అనుమానం ఉంటే బండికి కట్టి చూపించమంటాడు. అంతా అయ్యాకే తుండుగుడ్డ కింద వేళ్లు కలుస్తాయి, బేరం మొదలవుతుంది.

అదే రైతు కొడుకు దుబాయ్‌లో ఏడేళ్లు కష్టపడి దాచుకున్న డబ్బుతో కారు కొనాలనుకుంటే మాత్రం... ఫోన్లో నాలుగు ఫొటోలు చూసి అడ్వాన్సు పంపేస్తాడు! అదీ మామూలు కారు కాదు. ఎర్ర రంగు, వెడల్పాటి టైర్లు, వెనకాల రెక్క, తొక్కితే ముందుకు దూకే టర్బో ఇంజిన్.

జగిత్యాల జిల్లా ధర్మపురి చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్‌కి వెళ్లొచ్చిన మనిషి లేని వాడ కనిపించడం కష్టం. అక్కడ డ్రైవర్లుగా చేసినవాళ్లూ వాళ్లలో చాలామందే. యజమాని పెద్ద కారు తోలుతూ, పక్కనుంచి దూసుకుపోయే ఫెరారీలనూ పోర్షెలనూ ఏళ్ల తరబడి చూసినవాడికి, ఊరికి తిరిగొచ్చాక మామూలు కారు ఆనకపోవడంలో వింతేముంది? 'ఒక్కటైనా అలాంటిది...' అనిపిస్తుంది. అలాంటి ఓ ఇంట్లో తండ్రీకొడుకుల మాటలు ఇలా సాగుతాయనుకోవచ్చు.

''ఇది మామూలు కారు కాదు బాపూ. టర్బో ఉన్నది. తొక్కితె ఎగిరిపోతది!''

''ఎగిరిపోవుడు సరే బిడ్డా. నీకంటె ముందు ఎవడు తొక్కిండో అది చెప్పు.''

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు గురించి వేయాల్సిన మొట్టమొదటి ప్రశ్న ఆ పెద్దాయనదే. మామూలు కారును పిల్లల్ని బడికి దింపడానికో, పెళ్లిళ్లకు వెళ్లడానికో వాడతారు. వేగం కోసం తయారైన కారును కొన్నవాడు వేగంగానే నడుపుతాడు. ఆ వేగం ఖరీదు ఇంజిన్లోనూ, క్లచ్చులోనూ, బ్రేకుల్లోనూ జమై ఉంటుంది. అది కట్టేది తర్వాత కొన్నవాడు!

దుబాయ్ నుంచే తెచ్చుకుంటే?

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు సహజంగా వచ్చే ఆలోచన ఇది. అక్కడ పాత కార్ల ధరలు చూస్తే నోరూరుతుంది. కానీ అడుగు ముందుకు పడదు. మన దేశంలోకి పాత కారును దిగుమతి చేసుకోవడానికి ఉన్న నిబంధనలు అలాంటివి. తయారై 3 ఏళ్లు దాటకూడదు. స్టీరింగు కుడివైపే ఉండాలి. ముంబయి రేవు ద్వారానే రావాలి. యూఏఈ కార్లకు స్టీరింగు ఎడమవైపు కాబట్టి కథ అక్కడే ముగిసింది. ఒకవేళ కుడి స్టీరింగు బండి ఏదైనా దొరికినా, సుంకాలన్నీ కలిపితే కారు ధరను మించిపోతాయి.

సుంకం సంగతి ఎంతదాకా వెళ్తుందో తెలియాలంటే మన దేశంలో అందరికంటే పేరున్న ఫెరారీని గుర్తు చేసుకుంటే చాలు. టెస్టుల్లో బ్రాడ్‌మన్ 29 సెంచరీల రికార్డును సమం చేసినందుకు సచిన్ టెండూల్కర్‌కు 2002లో బహుమతిగా అందిన కారు అది... ఎరుపు రంగు 360 మొడెనా. దానికి కోటి రూపాయలకు పైగా ఉన్న కస్టమ్స్ సుంకాన్ని ప్రభుత్వం మినహాయిస్తే పెద్ద దుమారమే రేగింది. వ్యవహారం కోర్టుకెక్కింది. చివరికి ఆ సొమ్ము ఫియట్ కంపెనీ కట్టాల్సి వచ్చింది. ఆ కారు కూడా 2011లో సెకండ్ హ్యాండ్ అయింది... సూరత్‌కు చెందిన ఓ వ్యాపారి దాన్ని కొనుక్కున్నాడు.

అందుబాటులో ఉన్నవేంటి?

అసలు మన దేశంలో సామాన్యుడికి అందే స్పోర్ట్స్ కార్లు వచ్చిందే తక్కువ. 1998లో శాన్ స్టార్మ్ అని రెండు సీట్ల కారొకటి వచ్చింది. ఫైబర్ బాడీ, లోపల రెనో కంపెనీ 1.2 లీటర్ల ఇంజిన్. చూడ్డానికి ముద్దొచ్చేది గానీ కొన్నవాళ్లు కొద్దిమందే. ఇప్పుడెక్కడైనా కనిపిస్తే ఫొటో దిగొచ్చు. కొంటే మాత్రం సామాన్ల కోసం దేశమంతా తిరగాలి.

అందుకే మన దగ్గర పాత స్పోర్ట్స్ కారు అంటే చాలావరకు 'హాట్ హ్యాచ్‌'లే. అంటే చిన్న కారు ఒంట్లో పెద్ద గుండె. 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6 ఆ కోవలో పాతకాపు. 100 హార్స్‌పవర్ల ఇంజిన్ అప్పట్లో చిన్న కారుకు గొప్పే. 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐని కుర్రకారు ఇప్పటికీ కలవరిస్తారు. 2015లో ఫియట్ అబార్త్ పుంటో వచ్చింది, 145 హార్స్‌పవర్లతో. మారుతీ వాళ్లు 2017లో బలేనో ఆర్ఎస్‌నీ, టాటా వాళ్లు 2018లో టియాగో జేటీపీనీ తెచ్చారు.

వీటన్నింటికీ ఓ సామాన్య లక్షణం ఉంది. ఒక్కటి కూడా ఇప్పుడు తయారు కావడం లేదు! పోలో తయారీ 2022లో మన దేశంలో ఆగిపోయింది. ఫియట్ కంపెనీ కార్లైతే బీఎస్-6 నిబంధనలు రాకముందే మన మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. బలేనో ఆర్ఎస్, జేటీపీ 2020లో ఆ నిబంధనలతోపాటే కనుమరుగయ్యాయి. వీటిలో ఏది కొన్నా, కొనేముందు అడగాల్సింది పికప్ ఎంతని కాదు... బ్రేక్ ప్యాడ్లు, టర్బో, బంపరు ఎక్కడ దొరుకుతాయని.

ఇందులో ఓ తేడా ఉంది. బలేనో ఆర్ఎస్‌, టియాగో జేటీపీల్లో తలుపులు, అద్దాలు, లోపలి సామాన్లు చాలావరకు మామూలు బలేనో, మామూలు టియాగోలవే. వాటికి మెకానిక్ జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో దొరుకుతాడు. పోలో జీటీలో ఉన్న 7 గేర్ల ఆటోమేటిక్ పెట్టె అలాంటిది కాదు. అందులోని రెండు క్లచ్చులకు చల్లబరిచే నూనె ఉండదు. ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ నడిపితే వేడెక్కి అరిగిపోతాయి. గేర్లను నడిపించే మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్ష దాటుతుంది. నడుపుతుంటే వెన్నలా ఉంటుంది, నిజమే. కానీ హైదరాబాద్ ట్రాఫిక్‌లో పదేళ్లు తిరిగిన అలాంటి కారును ధర్మపురికి తెచ్చుకునే ముందు బ్యాంకులో మరో లక్ష ఉందో లేదో చూసుకోవాలి.

పళ్లు, సుళ్లు, గిట్టలు

ఇక అసలు పరీక్ష. ఎద్దు వయసు పళ్లు చెబితే, కారు వయసు టైర్లు చెబుతాయి. టైరు పక్క గోడ మీద చివర్న నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. మీటరు మీద 28 వేల కిలోమీటర్లే ఉండి, 2016 నాటి కారుకు 2023 టైర్లు ఉన్నాయంటే... మొదటి టైర్లు 28 వేలకు ముందే అరిగిపోయాయా? అంటే కారును కోసుకుతిన్నట్టు నడిపారన్నా అనుకోవాలి, మీటరు తిప్పారన్నా అనుకోవాలి. మీటరు అబద్ధమాడినా బ్రేకు పెడలు మీది రబ్బరు ఆడదు. స్టీరింగు మీద, డ్రైవరు సీటు అంచున అరుగుదలా అంతే. 28 వేలు తిరిగిన కారులో అవి నున్నగా మెరిసిపోవు.

కారును చూడటానికి పొద్దున్నే వెళ్లాలి. చెప్పకుండా వెళ్తే మరీ మంచిది. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే స్టార్టు చేసి ఉంచాడన్నమాట. చల్లటి ఇంజిన్ స్టార్టయ్యేటప్పుడు బయటపడే రోగాలు వేడెక్కాక దాక్కుంటాయి. స్టార్టవగానే సైలెన్సర్ దగ్గర నీలం పొగ వస్తే ఇంజిన్ గానీ టర్బో గానీ ఆయిల్ తాగుతోందని అర్థం. తెల్లపొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు కనిపిస్తే ఇంక మాట్లాడకుండా ఇంటికి వచ్చేయొచ్చు.

టర్బో కార్ల ఆయుష్షంతా ఆయిల్ మీదే ఉంటుంది. నిమిషానికి లక్షసార్లకు పైగా తిరిగే చిన్న చక్రం అది. దాన్ని కాపాడేది ఆ పల్చటి నూనె పొరే. ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో సర్వీసింగు సెంటర్ రికార్డులో ఉంటుంది. 'బయట చేయించాను, బిల్లుల్లేవు' అనేవాడి దగ్గర టర్బో కారు కొనడం, తేలు మంత్రం రాకుండా పాము పుట్టలో చెయ్యి పెట్టడమే.

క్లచ్చు సంగతి తెలుసుకోవడానికి ఓ చిన్న చిట్కా ఉంది. ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో నాలుగో గేరు వేసి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ఇంజిన్ మోత పెరిగి, బండి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్చు జారుతున్నట్టే. బ్రేకు డిస్కుల అంచు మీద వేలు ఆనించి చూస్తే (చల్లారాకే సుమా!) గట్టు తగులుతుంది. ఆ గట్టు ఎంత ఎత్తుంటే పాత యజమాని కాలు అంత బరువన్నమాట.

ఇక సుడులు. బానెట్ బోల్టుల మీద, తలుపు బిజాగరీల బోల్టుల మీద రంగు చెదిరి స్పానర్ గీతలు ఉన్నాయంటే వాటిని ఎప్పుడో విప్పారు. ఎందుకు విప్పారన్నది అడగాలి. తలుపుల మధ్య సందులు రెండువైపులా ఒకేలా ఉన్నాయా? ఎండలో ఓ పక్కనుంచి చూస్తే రంగు ఒకేలా మెరుస్తోందా? స్టెప్నీ తీసి కింద చూస్తే ముడతలు, కొత్త వెల్డింగు కనిపిస్తున్నాయా? తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగి, ఒక్కొక్కటే ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగు దీపం అసలు వెలగనే లేదంటే అనుమానించాలి. ప్రమాదంలో విచ్చుకున్న బ్యాగును మళ్లీ పెట్టకుండా ఆ దీపాన్నే పీకేసే మహానుభావులున్నారు.

వరదలో మునిగిన కార్లు ఇంకో బెడద. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచెత్తిన వానల్లో ఎన్నో కార్లు నీళ్లలో తేలాయి. ఇలా మునిగిన కార్లు బీమా కంపెనీల వేలంలో చౌకగా అమ్ముడై, తుడిచి, సెంటు కొట్టి మళ్లీ మార్కెట్లోకి వస్తుంటాయి. వాటిని పట్టుకోవడం గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకు చెప్పాలా! వరద తీశాక ఇంట్లో బురద ఎక్కడెక్కడ మిగులుతుందో ధర్మపురి వాళ్లకు తెలుసు... చెయ్యి పోని చోట. కారులోనూ అంతే. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగితే చివరన మట్టి గీత కనిపిస్తుంది. కింది కార్పెట్ ఎత్తితే ముక్కవాసన వస్తుంది. సీట్ల కింది బోల్టులు తుప్పుపట్టి ఉంటాయి.

ఇంత చూడటం తమవల్ల కాదనుకునేవాళ్లు నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లొచ్చు. స్కానర్ పెట్టి చూస్తే కంప్యూటర్‌లో దాగిన లోపాలూ బయటపడతాయి. ఆరు లక్షల కారుకు వెయ్యో రెండు వేలో ఇచ్చి మెకానిక్‌ను తీసుకెళ్లడానికి వెనకాడేవాళ్లు, బ్రోకర్‌కు మాత్రం కమిషన్ కిమ్మనకుండా ఇస్తారు!

అలంకారాలతో తంటా

స్పోర్ట్స్ కారు ఎవరి చేతిలోనూ కంపెనీ ఇచ్చినట్టు ఉండదు. సైలెన్సర్ మార్చి ఊరంతా దద్దరిల్లేలా చేస్తారు. ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చి పవర్ పెంచుతారు. స్ప్రింగులు కోసి కారును నేలకు దించుతారు. అమ్మేటప్పుడు 'లక్ష రూపాయలు పెట్టి చేయించాను' అని దాన్నే గొప్పగా చెబుతారు. ఆ లక్ష పెట్టినందుకు ధర తగ్గించమని అడగాలి తప్ప పెంచకూడదు. లెక్కలు మార్చిన ఇంజిన్ మీద భారం పెరుగుతుంది. అంతేకాదు, కంపెనీ ఇచ్చిన మౌలిక రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. కారు రంగు మార్చినా ఆర్సీలో నమోదు కావాలి. ఆర్సీలో తెలుపు ఉండి, ఎదురుగా ఎర్ర కారు ఉంటే... అది పోలీసులు ఆపడానికి ముందే కొనేవాడికి కనిపించాలి.

కాగితం చిన్నది, కష్టం పెద్దది

ఇంజిన్ చెడితే బాగుచేయించుకోవచ్చు. కాగితాలు చెడితే ఇల్లే కదిలిపోతుంది. ఊళ్లలో ఈ విషయాన్నే అందరూ తేలిగ్గా తీసుకుంటారు.

మామూలుగా జరిగేది ఇది. గల్ఫ్‌కి తిరిగి వెళ్లే తొందరలో ఒకరు కారు అమ్మేస్తారు. 29, 30 నంబరు ఫారాలపై ఖాళీగానే సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు. కొన్నవాడు తన పేరు మీదికి మార్చుకోడు. 'ఎలాగూ ఆరు నెలల్లో అమ్మేస్తాను కదా, ఆ ఖర్చెందుకు' అనుకుంటాడు. ఆ ఫారాలు అలాగే మూడో మనిషికి, నాలుగో మనిషికి చేరతాయి. కారు ఊరూరా తిరుగుతుంది. ఆర్సీలో పేరు మాత్రం మస్కట్‌లోనో షార్జాలోనో ఉన్న మొదటి మనిషిదే!

సరిగ్గా ఇలాంటి కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉత్తరాదిలో ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. అది చేతులు మారుతూ పోయింది. ఆర్సీ మాత్రం మారలేదు. 2009లో ఆ కారును వెనక్కి నడుపుతుండగా ప్రమాదం జరిగి ఒకరు చనిపోయారు, ఒకరు గాయపడ్డారు. కారుకు బీమా లేదు. పరిహారం ఎవరివ్వాలి? 'నేను రెండేళ్ల కిందటే అమ్మేశాను మహాప్రభో' అన్నాడు మొదటి యజమాని. హైకోర్టు ఆయన మాట విన్నది. సుప్రీంకోర్టు వినలేదు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరుతో ఉంటే చట్టం దృష్టిలో అతనే యజమాని, బాధితులు చేతులు మారిన వరసంతా వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు, పరిహారం అతనే చెల్లించాలి అని 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

వేగం కోసమే తయారైన కారు, పేరు మారని ఆర్సీ, బీమా లేని బండి... ఈ మూడూ ఓ చోట చేరితే ధర్మపురిలోని ఇంటికి కోర్టు నోటీసు రావడానికి ఒక్క రాత్రి చాలు. దాన్ని అందుకునేది గల్ఫ్‌లో ఉన్న మనిషి కాదు, ఇంట్లో ఉన్న భార్యో, ముసలి తండ్రో.

చట్టం ఇచ్చిన గడువులు పెద్దవేం కాదు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు రవాణా శాఖకు తెలపాలి. వేరే రాష్ట్రానికైతే 45 రోజులు. కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. అప్పు తీసుకుని కొన్న కారైతే ఫైనాన్స్ సంస్థ ఇచ్చే ఎన్‌వోసీ, 35వ నంబరు ఫారం కావాలి. అవి లేకుండా 'లోన్ తీరిపోయింది' అన్న మాటకు విలువ లేదు. వేరే రాష్ట్రం బండికి 28వ నంబరు ఫారం మీద అక్కడి ఎన్‌వోసీ తప్పనిసరి.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా ఓ తికమక ఉంది. ఏపీ 15 అంటే ఒకప్పటి కరీంనగర్ నంబరే కాబట్టి ఇబ్బంది లేదు. 2014 జూన్‌లో అవి టీఎస్ అయ్యాయి, 2016లో జగిత్యాల జిల్లా ఏర్పడ్డాక టీఎస్ 21 వచ్చింది, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది. ఏపీ 39 అని ఉంటే మాత్రం అది 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నంబరు. చుట్టాల ఊరి బండే కావచ్చు, కాగితాల్లో అది పరాయి రాష్ట్రానిది. ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి.

ఢిల్లీ కార్ల మోజూ ఇంతే. 10 ఏళ్లు దాటిన డీజిలు, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధానిలో తిరగకూడదన్న ఉత్తర్వును సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. ఆ ఆంక్షల అమలులో తర్వాత మార్పులు వచ్చినా, అక్కడి ఖరీదైన కార్లు చౌకగా దక్షిణాదికి రావడం మొదలైంది. ఢిల్లీలో చెప్పే ధరకు రవాణా, ఎన్‌వోసీ, లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు ఖర్చులు కలిపి చూస్తే ఆ చౌకలో ఎంత మిగులుతుందో కాగితం మీద లెక్కేసుకోవాలి. 15 ఏళ్లు నిండిన కారైతే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్‌ను పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల బదులు 5 వేలయింది.

చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కారు మీద ఉన్నవీ ఆర్సీలో ఉన్నవీ ఒకటేనా అని కళ్లతో చూడటం చాలామందికి చాదస్తంలా అనిపిస్తుంది. 'అవంతి' పేరుతో మన దేశంలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు గుర్తుందా? 2012 ఆటో ఎక్స్‌పోలో చూసి అందరూ మురిసిపోయారు. ఒకే చాసిస్, ఇంజిన్ నంబర్లతో రెండు అవంతి కార్లు వేర్వేరు రాష్ట్రాల్లో రిజిస్టరయ్యాయంటూ 2020 డిసెంబరులో ముంబయి పోలీసులు కేసు పెట్టారు. కొత్త కార్ల విషయంలోనే అలాంటి ఆరోపణ వచ్చినప్పుడు, నాలుగు చేతులు మారిన కారు నంబరు చూసుకోవడంలో చాదస్తమేముంది?

బీమా పాలసీ కాగితాన్ని కూడా ఊరికే మడిచి పెట్టేయకూడదు. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఓ శాతం ఉంటుంది. 50 శాతం ఉందంటే ఆ యజమాని ఐదేళ్లు వరసగా క్లెయిమ్ చేయలేదని అర్థం. 'చిన్న గీత కూడా పడలేదు' అనే కారు పాలసీలో అది సున్నా ఉంటే, కిందటేడాది ఏం జరిగిందో చెప్పమనాలి. అయితే ఆ బోనస్ కారుది కాదు, మనిషిది. అమ్మినవాడితోనే పోతుంది. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఉన్న బీమా కారుతో పాటు కొన్నవాడికి వస్తుంది గానీ, సొంత కారుకు జరిగే నష్టం సంగతి వేరు. పాలసీ తన పేరు మీదికి మార్చుకోకుండా చెట్టుకు గుద్దితే ఆ ఖర్చంతా సొంత జేబులోంచే.

పెండింగ్ చలాన్లు చూడటం అన్నింటికంటే తేలిక. నంబరు కొడితే పోలీసుల వెబ్‌సైట్‌లో జాబితా వచ్చేస్తుంది. డబ్బు కోసం కాదు, స్వభావం కోసం చూడాలది. అందులో ఓవర్ స్పీడ్ చలాన్లే వరసగా ఉంటే, ఇంతకు ముందు ఎవడు తొక్కాడో, ఎలా తొక్కాడో తేదీలతో సహా తెలిసిపోతుంది!

మన రోడ్డు, మన పెట్రోలు

ఇన్ని పరీక్షలూ నెగ్గిన కారు చివరికి తిరగాల్సింది ధర్మపురిలో. జగిత్యాల నుంచి ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దాటి లక్సెట్టిపేట, మంచిర్యాలకు వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీద కాసేపు హాయిగానే ఉంటుంది. కానీ ఊరొచ్చిన ప్రతిచోటా స్పీడ్ బ్రేకర్, ట్రాక్టరు. కోతల కాలంలో పల్లె రోడ్లలో సగం దాకా వడ్ల కుప్పలే. చీకట్లో వాటిపై కప్పిన టార్పాలిన్, అంచున పెట్టిన రాళ్లు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. స్ప్రింగులు కోసి నేలకు దించిన కారుతో గుడి దగ్గరి సందుల్లోకీ, గోదావరి రేవు వైపూ వెళ్తే పొట్ట గీసుకుపోతుంది. సన్నపాటి టైర్లున్న పెద్ద చక్రాలు ఒక్క గుంతకే వంకర పోతాయి. అందుకే కారును కొనేముందు నున్నటి బైపాస్ మీద కాకుండా, కాస్త గతుకుల రోడ్డు మీద నడిపి చూడాలి. లోపల టకటకమనే శబ్దాలు అక్కడే వినిపిస్తాయి.

పెట్రోలు విషయమూ ఉంది. బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో చాలావాటిని అంత ఇథనాల్ కోసం రూపొందించలేదు. మైలేజీ కొంత తగ్గుతుంది. పాత కార్లలో ఇంధనం వెళ్లే రబ్బరు పైపులు, సీళ్లు ఎలా ఉన్నాయో మెకానిక్‌తో చూపించుకోవడం మేలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, నెలల తరబడి కదలకుండా షెడ్డులో ఉన్న 'తక్కువ తిరిగిన' స్పోర్ట్స్ కారు విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఇక మొదట్లో చూసిన ఆ ఇంటికే వెళ్తే... కారు వాకిట్లోకి వచ్చి ఆగిందనుకుందాం. అమ్మే మనిషి తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వాడలో పిల్లలంతా చుట్టూ మూగారు. కొడుకు ముఖం వెలిగిపోతోంది. రేపే శనివారం, నరసింహస్వామి గుడి ముందు పూజ చేయించాలని, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు కూడా తెప్పించాడు. పెద్దాయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి టైరు మీద చెయ్యి పెట్టాడు. బానెట్ తట్టి చూశాడు.

''పేరు ఎవల మీదున్నది?'' అన్నాడు.

''ఇంక ఆయిన మీదనే బాపూ. కాయితాలు పెట్టినం. పదిహేను రోజుల్ల మారుతదట.''

''మంచిది. నిమ్మకాయలు గప్పటిదాకా ఆగుతయి తీయ్. సగం పైసలు ఇప్పుడియ్యి. మిగిలిన సగం కార్డు ఇంటికి వచ్చినంక.''